రెండోసారి అడగని ఇల్లు

మా వైపు ఎవరింటికైనా వెళ్ళినప్పుడు భోజనానికి లేవమంటే ముందు వద్దనాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. "ఇప్పుడే తిని బయల్దేరామండీ" అంటాం. వాళ్ళు "ఎప్పుడు తిన్నారో ఏమో, నాలుగు మెతుకులు తినండి" అంటారు. "మొహమాటం ఏముందండీ, నిజంగానే వద్దు" అంటాం. అప్పటికే కంచాలు పెట్టేసి, మంచినీళ్ళు కూడా పోసేసి ఉంటారు. పెట్టాక కాదంటే బాగోదు కనుక కూర్చుని, మారు వడ్డించుకుని మరీ తింటాం. అడగ్గానే సరేనని కూర్చున్న మనిషిని తల్చుకుని ఆ ఇంట్లోవాళ్ళు నాలుగు రోజులు నవ్వుకుంటారు. ఒక్కసారి వద్దనగానే నిజమేననుకుని ఊరుకున్న ఇంటి గురించి మాత్రం ఊరంతా ఏళ్ళ తరబడి చెప్పుకుంటుంది.

అలాంటి ఇంట్లో మేం ఉండి వచ్చాం. అదీ చుట్టరికం మీద కాదు, పిలిపించుకున్న అతిథులుగా.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పడగొట్టిన మరుసటేడు చలికాలం అది. మా అన్నయ్య కూతురు హైదరాబాదులో హోటల్ చదువు చదివి, అక్కడే ఒక పెద్ద హోటల్లో పనికి కుదిరింది. ఊళ్ళోవాళ్ళందరికీ అరవై రకాల కూరలు వడ్డించి, తను హాస్టల్‌కి పోయి పప్పునీళ్ళు తాగేది. చిక్కి సగమై ఏలూరు తిరిగొచ్చేసింది. వచ్చాక మా వైపు దాని చదువుకు తగ్గ పని ఎక్కడుంటుంది? కాఫీ హోటళ్ళున్నాయి గాని, వాటికి డిగ్రీ అక్కర్లేదు. అటువంటప్పుడు తగిలింది ఈ బంగళా.

ఉంగుటూరు దాటి కొల్లేరు వైపు దిగితే, కాలవ గట్టున ఒక పాత మండువా లోగిలి ఉండేది. ఒకప్పటి భూస్వామిది. వారసులు తలో దిక్కూ వెళ్ళిపోయాక గబ్బిలాలు కాపురం పెట్టాయి. దాన్ని ఢిల్లీలో పుట్టి పెరిగిన ఒక తెలుగావిడ కొని, పడిపోయిన గోడలకి మళ్ళీ గానుగ సున్నం పెట్టించి, దూలాలు మార్పించి, వచ్చేపోయేవాళ్ళు బస చేసే ఇల్లుగా తయారు చేయించారు. పక్షుల్ని చూడ్డానికి, పల్లెటూరు చూడ్డానికి పట్నాలనుంచి జనం వస్తారని ఆవిడ నమ్మకం. అందరూ ఆవిడని మేడంగారనే అనేవారు, నేనూ అంతే అంటాను.

ఆ మేడంగారు మా పిల్లతో ఒక మాట అన్నారట. "బయటివాళ్ళకి తలుపులు తెరిచే ముందు మీ వాళ్ళనే ఎవరినైనా పిలిచి రెండు రోజులు ఉంచు. నేను పక్కనుండి చూస్తాను. వాళ్ళకి సుఖంగా ఉంటే ఇన్‌ఛార్జి ఉద్యోగం నీది. లేదంటే విశాఖపట్నంలో అనుభవమున్న మేనేజరు ఒకతను ఉన్నాడు, అతన్ని రప్పించుకుంటాను." 

ఆ మాట పట్టుకుని పిల్ల తాడేపల్లిగూడెం మా ఇంటికి వచ్చింది. "అత్తా, నువ్వూ మామయ్యా మామ్మగారూ రావాలి. ఇది పోతే నాకు మళ్ళీ ఆ హాస్టలే గతి" అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు గాని, గొంతులో ఉన్నాయి.

మామ్మగారంటే మా అత్తగారు. చిన్నప్పుడు మిషను బళ్ళో చదువుకుని, పెళ్ళయ్యాక బైబిల్ స్త్రీగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పినావిడ. ఊరి పేరు వినగానే ఆవిడ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, "ఆ ఇల్లా? మా అమ్మ ఆ ఇంటి వెనక సావిట్లో వడ్లు దంచేది. నేను పక్కన కూర్చుని చెరిగేదాన్ని" అన్నారు. అని మళ్ళీ ముద్ద కలుపుకున్నారు. మా ఆయనకే ఆ సంగతి తెలియదు, నాకెలా తెలుస్తుంది?

"అయితే రారా మామ్మగారూ?" అని పిల్ల బెంగగా అడిగింది.

"నేనెందుకమ్మా, ముసలిదాన్ని. కాళ్ళ నొప్పులూ నేనూ."

"మీరొస్తేనే నాకు బాగుంటుందండీ."

"వద్దులే, మీరెళ్ళి రండి."

"మీరు లేకపోతే అత్తా వాళ్ళూ రారు."

"సరే, అంతగా అంటుంటే."

పిల్ల వెళ్ళాక చూస్తే, ఆవిడ బట్టల సంచీ అప్పటికే మంచం కింద సర్దిపెట్టి ఉంది. మొదటి వద్దుకీ రెండో వద్దుకీ మధ్యలో సర్దారో, ఊరి పేరు వినగానే సర్దారో నాకిప్పటికీ తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం ఉంగుటూరు దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి ఆటో ఎక్కాం. మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పక్కన ఎవరు నడుపుతున్నా ఆయన కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. ఆటోలో తొక్కడానికి ఏమీ దొరక్క నా కాలు తొక్కుకుంటూ వచ్చారు. 

ఇల్లు చూశాం. ఎంత అందంగా ఉందో అంత నవ్వొచ్చింది కూడా. మేం ఇళ్ళల్లోంచి బయట పారేసినవన్నీ అక్కడ లోపల పెట్టుకున్నారు. తిరగలి మీద గాజుపలక వేసి దానిమీద కాఫీ కప్పులు. రోట్లో నీళ్ళు పోసి బంతిపూలు. గోడకి జల్లెడలు, చేటలు, కావడి బద్ద. వాటి మీదకి చిన్న చిన్న దీపాలు.

"ఒసే, ఈ చేటేం చేసిందే, దీన్ని గోడకి కొట్టారు?" అన్నారు మా అత్తగారు నా చెవిలో.

"అందం కోసమండీ."

"నేనూ చెరిగాను డెబ్భై ఏళ్ళు. ఏనాడూ నాకు తోచలేదు చూడు."

మాకిచ్చిన గది ఒకప్పటి ధాన్యం గాదె. దానికి గాదె అనే పేరు పెట్టి, తలుపుకి కొట్టిన చెక్క మీద రాయించారు. లోపల పరుపులు ఎంత మెత్తగా ఉన్నాయంటే, కూర్చుంటే మనిషి కనపడడు. అత్తగారు అందులోకి దిగిపోయి, "పుట్లకొద్దీ ధాన్యం పోసిన చోట నన్ను పోశారు" అని, చెయ్యి అందించమన్నారు.

ఆ దంపుడు సావిడినే భోజనాల హాలు చేశారు. సాయంత్రం చీకటి పడుతుండగానే పిలిచారు. పెద్ద టేకు బల్ల, తెల్లగుడ్డ. మా పిల్ల నేత చీర కట్టుకుని, రొమ్ము మీద పేరున్న బిళ్ళ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మేడంగారు బల్లకి అటు చివర మాతోపాటే కూర్చున్నారు. తింటున్నారు గాని, కళ్ళు మా మీదే ఉన్నాయి. వంటామె పక్క ఊరి మనిషి. ఆవిడ కొరమీను పులుసు మూత తీసింది. ఆ వాసనకి మా ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు.

పిల్ల మా అత్తగారి పక్కకొచ్చి, కాస్త వంగి, చదువుకున్న గొంతుతో అడిగింది. "మామ్మగారూ, చేపల పులుసు వడ్డించమంటారా?"

"వద్దులేమ్మా."

"సరేనండీ" అని నా పక్కకి వచ్చేసింది.

నేను దాని మొహంలోకి చూశాను. అది నన్ను చూడకుండా అదే గొంతుతో అడిగింది. అత్తగారు వద్దన్నాక కోడలు వేయించుకుంటుందా? నాకూ వద్దన్నాను. మా ఆయన అప్పటికి కంచం సగం ఎత్తారు. తల్లి వైపు చూసి, నా వైపు చూసి, ఎత్తిన కంచాన్ని ముగ్గు సరిచేసినట్టు కాస్త పక్కకి జరిపి దించేశారు. "నాకూ వద్దులేమ్మా" అన్నారు. ఆ పులుసు గిన్నె వంటింటి వైపు తిరిగి వెళుతుంటే మా ముగ్గురి కళ్ళూ గుమ్మం దాకా సాగనంపాయి.

గారెలు వచ్చాయి, వెళ్ళాయి. గుత్తివంకాయ వచ్చింది, వెళ్ళింది. అడక్కుండా పెట్టినవి పప్పూ మజ్జిగే. వాటితోనే తిని లేచాం. మేడంగారు మా కంచాలు చూసి కనుబొమలు ముడిచారు.

వరండాలోకి రాగానే పిల్లని పట్టుకున్నాను. "ఏమే, మీ హోటల్లో ఒక్కసారి అడిగి ఊరుకోమని నేర్పారా?"

"అవునత్తా. అతిథి వద్దంటే వద్దనే. రెండోసారి అడిగితే బలవంతం చేసినట్టు. మేడంగారికి అది అస్సలు నచ్చదు. ముందే చెప్పారు."

"మేం అతిథులమా? నువ్వు మా పిల్లవి కాదా?"

"లోపల నేను స్టాఫ్‌ని."

"స్టాఫ్‌కి మా అత్తగారి సంగతి తెలియదా?"

"తెలుసు అత్తా. అందుకే అడిగేటప్పుడు నీ మొహం చూడలేదు. రేపు మీరు అడగ్గానే సరేనని అనెయ్యండి. నా ఉద్యోగం అందులో ఉంది."

మా ఆయన వెంటనే, "నేనంటానమ్మా, నాదీ పూచీ" అన్నారు. కడుపులో పప్పు తప్ప ఏమీ లేని మనిషి దేనికైనా పూచీ పడతాడు.

గదిలోకి వెళ్ళి అత్తగారికి చెప్పాను. "అత్తయ్యగారూ, రేపు వడ్డించమంటారా అంటే ఊఁ అనండి. పిల్ల పని దానిమీదే ఉందంట."

ఆవిడ పరుపులోంచి తల పైకెత్తి, "అడగ్గానే ఊఁ అంటే, ఇది తినడానికే వచ్చిందనుకోరూ?" అన్నారు.

"తినడానికే పిలిచారండీ."

"పిలిచినంత మాత్రాన?"

 నాకూ పుట్టినింట్లో అదే నేర్పారు.

తెల్లారి పెసరట్లు వేశారు. అల్లం వాసన గది దాకా వచ్చింది. తలో అట్టూ అడక్కుండానే పెట్టారు, అది తిన్నాం. రెండోదానికి పిల్ల మా అత్తగారి దగ్గరికొచ్చి, ఈసారి కళ్ళతోనే బతిమాలుతూ, "ఇంకొకటి వెయ్యమంటారా మామ్మగారూ?" అంది. ఆవిడ నోరు తెరిచారు. ఊఁ అంటారనే అనుకున్నాను. "చాలమ్మా, వద్దు" అన్నారు. అది ఆలోచించి అనే మాట కాదు, తుమ్ములాంటిది. మా ఆయన పూచీ కూడా అక్కడే మునిగింది. తల్లి వద్దన్న అట్టుని కొడుకు వేయించుకుంటే తర్వాత ఇంట్లో ఎన్నాళ్ళు వినాలో ఆయనకి తెలుసు.

తర్వాత అందర్నీ కొల్లేటి గట్టుకి తీసుకెళ్ళారు. గూడబాతులు గుంపులుగా దిగాయి. పెద్ద పెద్ద సంచీల్లాంటి ముక్కులతో చేపల్ని తోడుకుంటున్నాయి. మా ఆయన వాటిని చూసి, "వీటినెవరూ అడగట్లేదు, అవీ ఎవరినీ అడగట్లేదు" అని నిట్టూర్చారు. మేడంగారు మా అత్తగారికి కుర్చీ తెప్పించనా అని అడిగారు. వద్దన్నారు. గొడుగు పట్టించనా అన్నారు. వద్దన్నారు. కొబ్బరినీళ్ళు అన్నారు. ఎందుకమ్మా అన్నారు. మేడంగారు అడిగిన ప్రతిసారీ ఒకటే అడిగి, వద్దనగానే మర్యాదగా తల ఊపి వెనక్కి జరిగేవారు. అలా జరిగి జరిగి, ఆవిడ మొహం చిన్నబోతూ వచ్చింది.

అప్పుడు మా ఆయన ఒక పని చేశారు. ఊరికే మాట కలపడానికని మేడంగారితో, "మా అమ్మకి ఈ ఇల్లు ముందే తెలుసండీ. మా అమ్మమ్మ ఆ సావిట్లో వడ్లు దంచేదంట, పనివాళ్ళకి పెరట్లోనే పెట్టేవారని రాత్రి చెప్పింది" అని చెప్పేశారు. డ్రైవర్లకి దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడే అలవాటు.

మేడంగారు అక్కడే నిలబడిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నన్నూ పిల్లనీ పక్కకి పిలిచారు.

"నాకు ఇప్పుడు అర్థమైంది. ఈ ఇంటి అన్నం ఆవిడ గొంతు దిగటం లేదు. దిగదు కూడా. నేను ఆ సావిడిలోనే బల్ల వేశాను. ఎంత పొరపాటు చేశాను."

పిల్ల మొహం పాలిపోయింది. నేనేదో అనబోయాను గాని, నాకూ అనుమానం పట్టుకుంది. వచ్చినప్పటినుంచీ ఆవిడ ఆ పెరటి గుమ్మం వైపే చూస్తూ కూర్చోవడం నేనూ గమనించాను. మనకి తెలియనిది ఎంత ఉందో అనిపించింది. మా ఆయనైతే అప్పటికప్పుడు బొత్తిగా దిగాలుపడిపోయి, "నేను కొడుకునై ఉండి..." అని ఆ మాట పూర్తి చేయలేకపోయారు. గట్టు మీద నలుగురం తలలు వంచుకుని నిలబడ్డాం. అత్తగారు ఒక్కరే హాయిగా గూడబాతుల్ని చూస్తున్నారు.

తిరిగి వస్తుంటే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "వంట బాగోలేక పోతే మార్చేదాన్ని అత్తా. పక్క బాగోలేక పోతే మార్చేదాన్ని. నేను పుట్టక ముందు జరిగినదాన్ని ఎలా మార్చను? విశాఖపట్నం నుంచి ఎవరొచ్చినా మార్చలేరు."

మధ్యాహ్న భోజనానికి మేడంగారు ఒక ఏర్పాటు చేశారు. మా అత్తగారిని బల్ల మొదట్లో, తను కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టారు. వంటామెని కూడా వచ్చి పక్కన నిలబడమన్నారు. చేతులు జోడించి, "అమ్మా, ఈ పూట మీ పద్ధతిలో ప్రార్థన మీరే చెయ్యండి. ఈ ఇంటికోసం కూడా చెయ్యండి" అన్నారు.

నేనూ మా ఆయనా ఒకరినొకరం చూసుకున్నాం. మా అత్తగారిని ప్రార్థన చెయ్యమని అడిగేవాళ్ళు ముందు కాస్త తిని కూర్చోవాలి. అది మా చర్చిలో అందరికీ తెలుసు. పొడుగు ఒక్కటే కాదు. మనుషులతో మొహమాటపడి దాచుకున్నవన్నీ ఆవిడ దేవుడితో చెప్పేస్తారు, అదీ పైకి, అందరి ముందూ. నా పులుసులో ఉప్పు చాలలేదని నాతో ఏనాడూ అనలేదు. ఒక కుటుంబ ప్రార్థనలో దేవుడికి చెబుతుంటే విన్నాను. మా ఆయన చుట్ట మళ్ళీ మొదలుపెట్టిన సంగతీ నాకు అలానే తెలిసింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ ప్రార్థన మొదలుపెడితే ఆ వారం నేను చేసిన తప్పులన్నీ లెక్కపెట్టుకునేదాన్ని.

అందరం కళ్ళు మూసుకున్నాం. ఆవిడ మొదలుపెట్టారు.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం. మమ్మల్ని ఆటోలో క్షేమంగా తెచ్చావు. ఆ మలుపు దగ్గర బాగా కుదిపాడు గాని నువ్వు కాచావు. పడిపోయిన ఇల్లు మళ్ళీ నిలబెట్టిన ఈ అమ్మని దీవించు. ఈ సావిట్లోనే తండ్రీ మా అమ్మ వడ్లు దంచింది, నీకు తెలియందేముంది. ఆ మూల నేను చేటతో కూర్చునేదాన్ని. పొద్దువాలాక పెరట్లో కూడూ గంజీ పోసేవారు. పోసిందే పోయడం. చాలిందా అని అడిగినవాళ్ళు లేరు, చాలలేదని అనడానికి మాకు నోరూ లేదు."

మేడంగారు ముక్కు ఎగబీల్చడం వినిపించింది. 

"ఇవాళ అదే చోట నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఇది వెయ్యనా, అది వెయ్యనా అని అడుగుతున్నారు తండ్రీ. ఈ ఇంట్లో నిలబడి వద్దనడం ఎంత బాగుందో నీకు ఎలా చెప్పను. అందుకే నిన్నటినుంచీ దేన్నీ వదలకుండా వద్దంటున్నాను."

నేను ఒక కన్ను తెరిచాను. మా ఆయన రెండూ తెరిచారు.

"అయితే తండ్రీ, వీళ్ళు ఒక్కసారే అడిగి వెళ్ళిపోతున్నారు. రాత్రి ఆ కొరమీను తలకాయ నా ముందునుంచే వెళ్ళిపోయింది. అదేం పాపం చేశానని. పొద్దున్న పెసరట్టూ అంతే. ఈ పిల్ల తప్పేమీ లేదు, బంగారం లాంటి పిల్ల, దాని చేత అలా అడిగించారు. అడిగించినవాళ్ళనీ దీవించు. నా కొడుకు రాత్రి పళ్ళెంలో బెల్లం ముక్క జేబులో వేసుకున్నాడు, వాడికి షుగరుంది, నువ్వే చూసుకో. ఈ పూట పులుసులో చింతకాయ వేశారని వాసనే చెబుతోంది. వేడిగా ఉండగానే..." అని ఆగి, ఇంకా ఏదో గుర్తొచ్చినట్టు ఊపిరి తీసుకుని, ఎందుకో మనసు మార్చుకుని, "ఆమెన్" అన్నారు.

వంటామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. మేడంగారు ఎర్రబడ్డ కళ్ళతో ఏడవాలో నవ్వాలో తెలియక కూర్చున్నారు. మా ఆయన జేబు తడుముకుంటున్నారు.

మేడంగారు లేచి, గరిటె తనే తీసుకున్నారు. "అమ్మా, చేపల పులుసు?"

"వద్దమ్మా" అన్నారు మా అత్తగారు ప్రశాంతంగా.

గరిటె గాలిలో ఆగిపోయింది. ఆవిడ జన్మలో ఎవరినీ రెండోసారి అడిగి ఉండరు. అడగడానికి మాట దొరకట్లేదు. మా పిల్ల అటు చూసి, ఇటు చూసి, వెనక్కి కట్టుకున్న చేతులు విప్పింది. మేడంగారి చేతిలోంచి గరిటె తీసుకుంది. ఉద్యోగం ఉంటే ఉంది, పోతే పోయిందన్నట్టే ఉంది దాని వాలకం.

"ఒక్క ముక్క మామ్మగారూ."

"వద్దులే, పొద్దుటి అట్టే అరగలేదు."

"ఆ ఒక్క అట్టా? మీకోసమని చింతకాయ కోయించాను. మీరు ముట్టకపోతే నేనూ తినను."

"మొండిదానివే. సరే, పిసరంత వెయ్యి."

పిసరంత అన్నాక పిల్ల తలకాయ ముక్క వేసింది. తర్వాత ఇంకొకటి వేసింది. ఈసారి అడగలేదు. నాకూ మా ఆయనకీ కూడా అడక్కుండానే వేసుకుంటూ పోయింది. మేం చెయ్యి అడ్డం పెడుతూనే ఉన్నాం, వేళ్ళ సందుల్లోంచి వేస్తూనే ఉంది. మా అత్తగారు ప్రతి వడ్డనకీ ముందు వద్దని, తర్వాత తిన్నారు. ఆ వద్దులు వినడానికి చెవులకి ఇంపుగా ఉన్నాయి. ఆ పూట మా బల్లమీద గిన్నెల్లో గరిటెలు తప్ప ఏమీ మిగల్లేదు.

సాయంత్రం బయల్దేరాం. మర్నాడు ఆదివారం, చర్చికి అందుకోవాలి. గేటు దగ్గర మేడంగారు ఒక్కొక్కరినీ అడిగారు. "నిజం చెప్పండి. ఇక్కడ ఎలా అనిపించింది?"

"పర్లేదండీ" అన్నారు మా ఆయన.

"బానే ఉందమ్మా, పర్లేదు" అన్నారు మా అత్తగారు.

నేనూ అదే అనబోతూ మేడంగారి మొహం చూశాను. దీపం ఆర్పినట్టయింది. ఆవిడ పిల్ల వైపు తిరిగి, "పర్వాలేదు అంటే ఏదో సుమారుగా ఉందనే కదా?" అన్నారు. పిల్ల నోరు విప్పేలోపు నేను కలగజేసుకున్నాను.

"కాదండీ. మా వైపు బాగుందని మొహం మీద ఎవరూ అనరు. పర్లేదంటే అంతకంటే పైమాట లేదన్నమాట. పెళ్ళిచూపుల్లో ఈయన నన్ను చూసి, ఎలా ఉందిరా పిల్ల అంటే పర్లేదు అన్నారంట. ఆ ఒక్క మాట మీదే మా పెళ్ళయింది."

మేడంగారు మా ఆయన వైపు చూశారు.

"అవునండీ" అన్నారాయన. నా వైపు ఒకసారి తేరిపార చూసి, "ఇప్పటికీ పర్లేదు" అన్నారు.

మేడంగారు అప్పుడు నవ్వారు. కాని ఉద్యోగం మాట ఎత్తలేదు. ఆలోచించి చెబుతానన్నారు. తన ఎదుటే తన నియమం తప్పిన పిల్ల కదా, మరి. ఆటో మలుపు తిరిగేదాకా ఆ పిల్ల చేతులు కట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది.

ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా నేను పని వదిలేసి పరుగెత్తేదాన్ని. ఎప్పుడూ ఎవరో ఒకరు రాంగ్ నంబరు. ఒకరోజు సాయంత్రం మా పిల్లే ఫోన్ చేసింది. బయటనుంచి మొదటి జట్టు వచ్చి ఉండి వెళ్ళారట. పట్నంవాళ్ళు. వాళ్ళని ఒక్కసారే అడిగిందట. కూడా వచ్చిన కారు డ్రైవరు భీమవరం మనిషైతే అతన్ని అడక్కుండానే వడ్డించిందట.

"వాళ్ళు వెళ్ళాక మేడంగారు నన్ను పిలిచారు అత్తా. నువ్వు పర్లేదు అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. ఇది మన పర్లేదా, ఆవిడ పర్లేదా? నాకేం తెలియట్లేదు. అడగడానికి భయంగా ఉంది."

నాకూ తెలియలేదు. ఫోన్ చేత్తో మూసి అత్తగారికి సంగతి చెప్పాను. ఆవిడ ఫోన్ తీసుకుని, చెవికి తిరగేసి పెట్టుకుని, నేను సరిచేశాక, "ఏమ్మా, ఆవిడ నీ మొహంలోకి చూసి అందా, పక్కకి తిరిగి అందా?" అన్నారు.

"పక్కకి తిరిగేనండీ. రోట్లో పూలు సర్దుతూ అన్నారు."

"మరింకేం. పక్కకి తిరిగి అందంటే మన మాటే. ఆ విశాఖపట్నం అబ్బాయిని రావద్దని చెప్పమను."

"నిజంగానా మామ్మగారూ? నా భయం పోగొట్టడానికి అనట్లేదు కదా?"

నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను. ఏదో ధైర్యం చెబుదామనుకుంటుండగా అటువైపు దూరంగా మేడంగారి గొంతు వినిపించింది. వంటామెతో అంటున్నారు, రేపు వచ్చేవాళ్ళకి చేపలు ఏవి తెప్పించాలో ఇన్‌ఛార్జిగారిని అడుగు, నన్ను కాదు అని.

ఇటు నేనూ, అటు పిల్లా, ఇద్దరమూ విన్నాం. 

"అత్తా, ఉంటాను. పిలుస్తున్నారు" అని మా పిల్ల ఫోన్ పెట్టేసింది.